ఆశ్వయుజ, కార్తిక మాసాల్లో మన సాయంత్రాలు

(సంఘం సర్వసభ్య సమావేశంలో కూకట్‌పల్లి సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి వివరంగా చెప్పారు. అవి మనకు ప్రాణావసరాలు. వాటి తరవాత నేను లేచి నాటకాలు, సంగీతం, మ్యూజియం అంటే "ఈయనకేం పనిలేదా" అనుకునేవారు ఉంటారని తెలుసు. పనిలేని మాట నిజమే. 2008లో రిటైరైన తరవాత నాకు చెప్పుకోదగ్గ పనేమీ లేదు. ఇక్కడున్న చాలామందికీ లేదు. నాకిచ్చిన ఇరవై నిమిషాలూ ఆ సంగతి మీదే మాట్లాడతాను.

మొన్న మా వాకింగ్ మిత్రుల్ని పార్కులో కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగాను. గడిచిన మూడు నెలల్లో మీరు కూకట్‌పల్లి దాటి ఎక్కడెక్కడికి వెళ్ళారు? ఒకాయన కంటి ఆసుపత్రి అన్నారు. ఇంకొకాయన గుండె ఆసుపత్రి అన్నారు. ఇద్దరు పెళ్ళిళ్ళకు వెళ్ళారు, ముగ్గురు దశదిన కర్మలకు వెళ్ళారు. ఒకాయన చాలాసేపు ఆలోచించి, "మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడానికి వెళ్ళానండీ" అన్నారు. కేవలం సంతోషం కోసం వెళ్ళామని ఒక్కరూ చెప్పలేదు. వారి శ్రీమతులను అడిగితే ఆ జాబితా ఇంకా చిన్నదవుతుంది. ఆవిడలు పెళ్ళికి వెళ్ళినా అక్కడ కూడా పనే.

ముందు ఈ రెండు నెలల గురించి ఎందుకు చెబుతున్నానో మనవి చేస్తాను. మనబోటివాళ్ళకు ఏడాదిలో బయట తిరగడానికి అనువైన రోజులు చాలా తక్కువ. మార్చి మొదలు జూన్ దాకా ఎండ. తరవాత వానలు. మన రోడ్ల మీద వాన నీళ్ళలో మ్యాన్‌హోల్ ఎక్కడుందో, గుంట ఎక్కడుందో ఆ భగవంతుడికే తెలియాలి. డిసెంబర్ నెలాఖరు నుంచి చలి, ఆయాసం. నడుమ మిగిలేది ఆశ్వయుజం, కార్తికం. అదృష్టవశాత్తూ నగరంలో కార్యక్రమాలు ముమ్మరంగా జరిగేదీ అప్పుడే. భాద్రపద అమావాస్యకు బతుకమ్మ మొదలవుతుంది, ఆ వెంటనే దసరా, తరవాత దీపావళి, కార్తిక దీపాలు. సభలూ, నాటకాలూ, కచేరీలూ కూడా వానాకాలం వెళ్ళేదాకా ఆగి ఈ నెలల్లోనే పెట్టుకుంటారు. నవంబర్ వస్తే మనకు జీవన ధ్రువీకరణ పత్రం గుర్తుకొస్తుంది. బతికే ఉన్నామని ట్రెజరీకి రుజువు చూపించడానికి ఎలాగూ బయలుదేరతాం కదా, ఆ చేత్తోనే ఇంకో రెండు మూడు చోట్లకు పోదామని నా ప్రతిపాదన.

మాది తెనాలి దగ్గర పల్లె. నేను 1974లో గుమాస్తాగా చేరి ఈ నగరానికి వచ్చాను. ఆఫీసు సైఫాబాదులో. ఆ రోజుల్లో ఆఫీసు అయిదింటికి వదిలితే మాకు రవీంద్రభారతి నడిచిపోయేంత దూరం. 1961లో రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సందర్భంగా కట్టిన మందిరం అది. మాలాంటి బ్రహ్మచారి గుమాస్తాలు నెలాఖరు రోజుల్లో అద్దె గదికి పోయి చేసేదేముంది? ఉచిత కార్యక్రమమైతే చాలు, అది కూచిపూడా, హరికథా, అష్టావధానమా అని కూడా చూసుకునేవాళ్ళం కాదు. ఒకసారి లోపలికి వెళ్ళి కూర్చున్నాక తెలిసింది, అది హోమియోపతి వైద్యుల మహాసభ అని. అయినా చివరిదాకా కూర్చున్నాం, ఫ్యాన్లు బాగా తిరుగుతున్నాయి.

ఆ తరవాత మనలో చాలామందికి జరిగిందే నాకూ జరిగింది. పెళ్ళి, పిల్లలు, హౌసింగ్ బోర్డు ఇల్లు. కూకట్‌పల్లికి వచ్చిన కొత్తలో మేము నగరం వదిలి ఏదో ఊరికి వచ్చామని మా బంధువులు అనుకునేవారు. కోఠి నుంచి పటాన్‌చెరు పోయే 218 బస్సు ఎక్కితే ఎర్రగడ్డ దాటాక సీటు దొరికేది. రాత్రి నాటకం అయ్యేసరికి ఆ బస్సు ఉంటుందో లేదో తెలియదు, ఉన్నా ఫుట్‌బోర్డు మీదే. ఇంట్లో చంటిపిల్లలు. ఇక నాటకాలెక్కడ? రిటైరయ్యేసరికి మన కూకట్‌పల్లే పెద్ద నగరమై కూర్చుంది. సినిమా హాళ్ళు, మాల్సు అన్నీ గుమ్మం ముందుకొచ్చాయి. కానీ మాల్లో మనం చేసేదేమిటి? ఏసీలో బెంచీ వెతుక్కుని కూర్చోవడం. పాతకాలపు సినిమా హాళ్ళు కూడా తగ్గిపోతున్నాయి. కె.పి.హెచ్.బి.లో శివపార్వతి థియేటర్ 2022 జనవరిలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ రోజు ఉదయం మా వాకింగ్ మిత్రులు ఎవరెవరు అందులో ఏ సినిమా చూశారో చెప్పుకుంటూ రెండు చుట్లు ఎక్కువ తిరిగారు.

2017 నవంబర్‌లో మియాపూర్ నుంచి మెట్రో వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో అది అమీర్‌పేట దాటి ఎల్.బి.నగర్ దాకా పోయింది. ఉద్యోగాలకు వెళ్ళే పిల్లల కోసం కట్టారని మనం అనుకున్నాం. నా దృష్టిలో దాని వల్ల మనకు జరిగిన మేలు కూడా తక్కువేం కాదు. కూకట్‌పల్లి స్టేషన్‌లో ఎక్కితే అరగంటలోపు అసెంబ్లీ స్టేషన్‌లో దిగుతాం. ఎక్కడానికీ దిగడానికీ లిఫ్టు ఉంది. పెద్దవాళ్ళకు కేటాయించిన సీట్లలో కుర్రవాళ్ళు కూర్చుని ఫోను చూసుకుంటున్నా, "నాయనా" అంటే చాలు, లేచిపోతారు. నాకు ఇంతవరకూ ఎవరూ ఎదురు చెప్పలేదు. ఇంకో సంగతి. మన హైవే దాటడం ఎంత ప్రాణగండమో మీకు తెలుసు. స్టేషన్ పైనుంచి అవతలి వైపు దిగవచ్చు. రైలు ఎక్కకపోయినా ఆ దారి వాడుకోండి. సోదరీమణులకైతే 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టే లేదు. రైల్వేవారు 2020 మార్చిలో మన రాయితీ తీసేసి మళ్ళీ ఇవ్వలేదన్న కోపం అందరికీ ఉంది, నాకూ ఉంది. దాని మీద తీర్మానం వేరే ఉంది కాబట్టి ఇక్కడ కదపను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎక్కడికి వెళ్ళాలి అని అడిగితే నేను ముందు చెప్పే పేరు సురభి.

సురభి నాటకం గురించి మన తరానికి చెప్పనవసరం లేదు. అయినా పిల్లలు కూడా ఈ సంచిక చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. 1885లో కడప జిల్లా సురభి అనే గ్రామంలో ఒక పెళ్ళి వేడుకలో కీచకవధ ఆడారు. అప్పటిదాకా తోలుబొమ్మలాట ఆడించే కుటుంబాలు అవి. బొమ్మల స్థానంలో మనుషులే వేషాలు కట్టారు. వనారస గోవిందరావుగారు దాన్ని నాటక సమాజంగా నిలబెట్టారు. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయడం ఆ కాలంలో పెద్ద సాహసం. సురభిలో అది ఇంటి వ్యవహారం. తల్లి ద్రౌపది, కొడుకు అభిమన్యుడు, మేనమామ శకుని. ఒక్కొక్క కుటుంబం పెరిగి చీలి కొత్త సమాజం పెట్టుకునేది. ఊరూరా డేరాలు వేసుకుని నెలల తరబడి ఆడేవారు. మా చిన్నప్పుడు తెనాలిలో మకాం వేస్తే చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. నేల టికెట్టు పిల్లలకు. అమ్మమ్మకు బెంచీ. అమ్మమ్మ బెంచీ మీద నుంచి, "ఒరే, ఆ ఘటోత్కచుడు నిన్నటి నారదుడేరా" అని గట్టిగా అనేది, వేషగాడికి కూడా వినిపించేంతగా.

ఆ సురభి ఇప్పుడు ఎక్కడుందనుకున్నారు? మనకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో, శేరిలింగంపల్లిలో. సురభి కాలనీ అనే పేరుతోనే ఉంది. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఆ మండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుగారు, బాబ్జీ అంటే అందరికీ తెలుస్తుంది, 2013లో పద్మశ్రీ అందుకున్నారు. కన్నడ దేశం నుంచి బి.వి. కారంత్ గారంతటి దర్శకులు 1990 దశకంలో వచ్చి వీళ్ళతో కలిసి కొత్త నాటకాలు తయారుచేశారు. 2013లోనే మాయాబజార్ తీసుకుని ఫ్రాన్సు దేశం వెళ్ళి ఆడి వచ్చారు. ఫ్రాన్సువాళ్ళు టికెట్టు కొని చూశారు. మనం మెట్రో చివరి స్టేషన్‌కు అవతల ఉన్నవాళ్ళను చూడలేదు. కూకట్‌పల్లిలో నలభై ఏళ్ళుగా ఉంటున్న ఒక మిత్రుడు సురభి అంటే అగరువత్తుల కంపెనీ అనుకున్నాడు.

రవీంద్రభారతిలో వాళ్ళ మాయాబజార్ చూసినప్పుడు నేను ఎక్కువసేపు పైకే చూస్తూ కూర్చున్నాను. ఘటోత్కచుడు గాలిలోకి లేవడం, లడ్లు వాటంతటవే ఎగిరి అతని నోట్లో పడడం, అస్త్రాలు నడిమధ్యన ఢీకొని నిప్పులు రాలడం, నారదుడు మబ్బుల్లోంచి దిగడం. ఇవన్నీ తాళ్ళు, కప్పీలు, తెరలు, దీపాలు. మా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. మొదట ఫోన్లోంచి తల ఎత్తలేదు. లడ్డు సీను దగ్గర ఫోను జేబులో పెట్టాడు. నాటకం అయ్యాక వెళ్ళి తెరవెనుక తాడు లాగిన పెద్దాయనతో పావుగంట మాట్లాడి వచ్చాడు. "తాతయ్యా, ఆయన లెక్క కాగితం మీద లేదు, చేతిలోనే ఉంది" అన్నాడు. ఒక్క క్షణం ఆలస్యమైతే పైన వేలాడేది ఆయన మనవడేనట.

ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సురభి సమాజాలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. టీవీ వచ్చి తినేసిందని అంటాం. ఆ టీవీ ముందు సాయంత్రం ఆరు నుంచి పది దాకా కూర్చునేది ఎవరండీ? పిల్లలకు ఫోన్లున్నాయి, వాళ్ళు కాదు. పద్యం విని, రాగం తీస్తుంటే ఇది ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసి తల ఊపగలిగిన ప్రేక్షకులం మనమే మిగిలాం. తిరుపతి వేంకటకవుల పద్యాలకు, బలిజేపల్లివారి హరిశ్చంద్రకు "వన్స్‌మోర్" అన్నవాళ్ళం మనం. హాల్లో మనం లేకపోతే ఆ నటుడు ఎవరికోసం పాడతాడు? ప్రభుత్వం గ్రాంటు ఇవ్వాలని మన సంఘం తీర్మానం చేయవచ్చు, కాదనను. ముందు నలభై టికెట్లు కొందాం.

ఇంకొక విషయం చెప్పాలి. దీని గురించి ఆలోచించే ఈ అంశం మీద మాట్లాడడానికి ఒప్పుకున్నాను.

మా వీధిలో ఒక సోదరి ఉన్నారు. వారి శ్రీవారు మన సంఘంలో సభ్యులుగా ఉండేవారు, కాలం చేసి నాలుగేళ్ళు దాటింది. కొడుకు ఉద్యోగం గచ్చిబౌలిలో, కోడలి ఉద్యోగం మాధాపూర్‌లో. ఇద్దరూ మంచివాళ్ళే. ఉదయం తొమ్మిదింటికి వెళితే రాత్రి తొమ్మిదింటికి వస్తారు. ఈవిడ మూడో అంతస్తు ఫ్లాట్లో ఒక్కరే. మూడేళ్ళ కిందటి కార్తికంలో సురభి నాటకానికి రమ్మని మా ఆవిడ పిలిచింది. ఆవిడ, "నాటకానికా? నేనా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు వదినా" అన్నారు. మా ఆవిడ, "చూసేవాళ్ళు స్టేజీ వైపు చూస్తారు గానీ మీ వైపు ఎందుకు చూస్తారు, పదండి" అంది. వచ్చారు. నాటకం జరుగుతున్నంతసేపూ ఏమీ మాట్లాడలేదు. నచ్చలేదేమో అనుకున్నాం. తిరుగు మెట్రోలో ఎర్రగడ్డ దాటాక ఆవిడ నోట్లోనే ఒక పద్యం అనుకుంటున్నారు. మా ఆవిడ గట్టిగా చదవమంది. చదివారు. మొత్తం వచ్చు. వాళ్ళ నాన్నగారు హార్మోనియం వాయించేవారట, ఆ సంగతి వాళ్ళ కోడలికి కూడా తెలియదట.

మరుసటి రోజు కొడుకు ఫోన్ చేశాడు. థాంక్సు చెబుతాడనుకుంటూ తీశాను. "అంకుల్, అమ్మకి బీపీ ఉంది. రాత్రి పదింటిదాకా తిప్పితే ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?" అన్నాడు. కోపంగా అనలేదు, భయంతో అన్నాడు. నేను అతనికి సమాధానం చెప్పేలోపు ఆవిడే ఫోన్ తీసుకుని, "మళ్ళీ ఎప్పుడు అన్నయ్యగారూ?" అని అడిగారు.

ఆ అబ్బాయి అడిగినది న్యాయమైన ప్రశ్నే. దానికి మనం సమాధానం చెప్పకుండా ఎవరినీ బయలుదేరదీయకూడదు. కానీ ఆవిడ అడిగినదానికి కూడా సమాధానం కావాలి కదా. మన సభ్యత్వ రిజిస్టరు తీసి చూడండి. ఫ్యామిలీ పెన్షన్ పేర్లు ఏటేటా పెరుగుతున్నాయి. వారు సమావేశాలకు వచ్చేది కాగితం పనులుంటేనే. భర్త పోయిన స్త్రీ గుడికి వెళ్ళవచ్చు, ఆసుపత్రికి వెళ్ళవచ్చు, మనవల స్కూలు దగ్గరికి వెళ్ళవచ్చు, నాటకానికి మాత్రం వెళ్ళకూడదని ఏ జి.ఓ.లో ఉంది? మగవాడు భార్య పోయిన ఆరు నెలలకు క్లబ్బులో పేకాడుతుంటే ఎవరూ ఏమీ అనరు.

బతుకమ్మ విషయంలో నాకు తెలంగాణ ఆడపడుచులు అందుకే నచ్చుతారు. మా కోస్తావాళ్ళం ఇంట్లో బొమ్మల కొలువు పెట్టి పేరంటానికి పిలిచినవాళ్ళనే పిలుస్తాం. ఇక్కడ గునుగు, తంగేడు, బంతి తెచ్చి పేర్చి వీధిలోకి వస్తారు. 2014లో రాష్ట్ర పండుగ అయినప్పటి నుంచి హడావుడి పెరిగిన మాట నిజమే, డి.జె. సౌండ్ బాక్సుల మోత నాకు గిట్టదు. అయినా ఐ.డి.ఎల్. చెరువు దగ్గర సద్దుల బతుకమ్మ రోజు ఒక గట్టు మీద కూర్చుని చూడండి. రంగులు, చప్పట్లు, ఆ నీళ్ళు. టికెట్టు లేదు. మా ఆవిడ మొదట చూడడానికే వెళ్ళేది. ఇప్పుడు రెండు చుట్లు తిరిగి వచ్చి మోకాళ్ళకు తైలం రాసుకుంటుంది.

దగ్గరలో ఇంకొకటి శిల్పారామం. సీనియారిటీ ప్రకారం మాట్లాడితే సైబర్ టవర్స్ కంటే అది ఆరేళ్ళు సీనియర్. దాన్ని 1992లో పెట్టారు, ఇది 1998లో తెరిచారు. చేనేతలు, కుండలు, బొమ్మలు, చెట్ల నీడ, సెలవు రోజుల్లో సాయంత్రం నాట్య ప్రదర్శనలు. ఒక్క హెచ్చరిక. మెట్రోలో వెళితే అమీర్‌పేటలో మారి చుట్టు తిరిగి రావాలి. మనకు జె.ఎన్.టి.యు. వైపు నుంచి ఆటోయో బస్సో నయం. అదీ ఆదివారం మధ్యాహ్నం మూడింటికే. పనిదినాల్లో సాయంత్రం ఐ.టి. ఆఫీసులు వదిలే వేళ ఆ రోడ్డెక్కితే నాట్యం అయిపోయాక చేరతాం.

సాలార్‌జంగ్ మ్యూజియం అందరూ చూసిందే, అందుకే ఎవరూ రెండోసారి చూడలేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో పోయాక, ఆయన సేకరించిన వస్తువులను 1951 డిసెంబర్‌లో దివాన్ దేవిడీలో ప్రజలకు చూపడం మొదలుపెట్టారు. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. పిల్లల్ని చెయ్యి పట్టుకుని పరుగెత్తించినప్పుడు మనం చూసిందేముంది? ఈ వయసులో ఒక్క గదే చూడండి. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన ముసుగు రెబెక్కా ముందు పావుగంట కూర్చోండి. చలువరాతి మీద సన్నటి గుడ్డ కప్పినట్టుంటుంది, ఆ గుడ్డ కూడా రాయే. గంటకొకసారి గడియారంలోంచి చిన్న మనిషి వచ్చి గంట కొట్టేటప్పుడు జనమంతా కూర్చుని నోరు తెరుచుకుని చూస్తారు. పన్నెండు గంటలకైతే మరీనూ. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. ఎం.జి.బి.ఎస్. స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకోవాలి.

అదే ఎం.జి.బి.ఎస్.లో ఆకుపచ్చ లైను రైలు మారితే మూడో స్టేషన్ చిక్కడపల్లి. త్యాగరాయ గానసభ అక్కడే. 1966లో మొదలైన సంస్థ. సంగీతం, పుస్తకావిష్కరణ, ఏకపాత్రాభినయం, పాత సినిమా పాటలు, ఏదో ఒకటి ఉండని సాయంత్రం అరుదు. చాలావాటికి టికెట్టు ఉండదు. పేపర్లో సిటీ పేజీలో నేటి కార్యక్రమాల జాబితా వేస్తారు, మరణ ప్రకటనలు చదివాక అది కూడా చదవండి.

సంగీతం అంటే ఒక సంగతి గుర్తొస్తుంది. పండిట్ మోతీరామ్ అనే హిందుస్తానీ విద్వాంసులు ఇక్కడ నిజాం ఆస్థానంలో నియమితులు కావలసిన రోజునే, 1934 నవంబర్ 30న, హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయన చిన్న కొడుకుకు నాలుగేళ్ళు. ఆ కొడుకే పండిట్ జస్రాజ్. ఎంత పేరొచ్చినా జస్రాజ్ గారు తండ్రి పోయిన ఊరిని మరవలేదు. 1972 నుంచి తండ్రి పేరున, అన్నగారు మణిరామ్ పేరున, ఏటా నవంబర్ నెలాఖరులో ఇక్కడే సంగీత ఉత్సవం జరిపించారు. దేశంలోని గొప్ప గొప్ప విద్వాంసులు వచ్చి పాడారు. 2020లో జస్రాజ్ గారు పోయారు. నాకు హిందుస్తానీ అర్థం కాదు. చౌమహల్లా ప్యాలెస్ ఆవరణలో, చలిగాలిలో మఫ్లరు చుట్టుకుని ఒక రాత్రి విన్నాను. ఒక కొడుకు తండ్రికి పెట్టే తద్దినం ఇలా కూడా ఉండవచ్చా అనిపించింది.

ఇంగ్లీషు, హిందీ వచ్చినవారికి అక్టోబర్, నవంబర్ ప్రాంతాల్లో ఖాదర్ అలీ బేగ్ నాటకోత్సవం ఉంటుంది. 2005 నుంచి జరుగుతోంది. బంజారాహిల్స్‌లో లామకాన్ అని ఒక ఇల్లు 2010 నుంచి సభలకు, పాటలకు తెరిచి పెట్టారు. అక్కడ అంతా కుర్రకారు. నేల మీద కూర్చోగలిగినవారు వెళ్ళండి, సమోసా బాగుంటుంది. మనవల కోసం నవంబర్‌లో బాలల చలనచిత్రోత్సవం జరిగేది, రెండేళ్ళకొకసారి. 2017 తరవాత అది ఆగిపోయింది. పిల్లలకు అలాంటిది లేకపోవడం బాధగా ఉంది.

ఇక కష్టాలు. ఇవి చెప్పకపోతే రేపు మీరు నన్ను నిలదీస్తారు. మొదటిది కాలయాపన. ఆహ్వాన పత్రికలో ఆరు గంటలని వేస్తారు. ఒక హాలులో, పేరెందుకు, ఏడుంపావుకి జ్యోతి ప్రజ్వలన జరిగింది. తరవాత వేదిక మీద పదకొండు మంది, ఒక్కొక్కరికీ శాలువా, ఒక్కొక్కరూ "సమయాభావం వల్ల రెండే మాటలు" అంటూ పావుగంట. నాట్యం చేయవలసిన పసిపిల్ల గజ్జెలతోనే తల్లి ఒళ్ళో నిద్రపోయింది. అలాంటి చోట లేచి వచ్చేయడంలో తప్పులేదు. రెండోది మెట్లు, మరుగుదొడ్లు. మరొక హాలులో మరుగుదొడ్డి కింది అంతస్తులో ఉంది, మెట్ల దగ్గర దీపం లేదు. మాతో వచ్చిన ఒక మిత్రుడు జారి చెయ్యి బెణికించుకున్నారు. అప్పటినుంచి ఏ హాలుకైనా ముందురోజు ఒకరు వెళ్ళి చూసి వస్తేనే మేము బయలుదేరుతున్నాం. ఆఫీసులో ఇన్‌స్పెక్షను అంటే ఎంత హడలిపోయేవాళ్ళమో, ఇప్పుడు మేమే ఇన్‌స్పెక్షనుకు పోతున్నాం.

కార్యవర్గంలో నా ప్రతిపాదన పెట్టినప్పుడు కొందరు మిత్రులు అభ్యంతరం చెప్పారు. ఏటా ఒకరోజు బస్సు మాట్లాడుకుని యాదగిరిగుట్ట వెళుతున్నాం కదా, అది చాలదా అన్నారు. ఆ యాత్ర ఉండాలి, తీసేయమని నేను అనలేదు. ఏడాదికి ఒక్కరోజు చాలని మాత్రం ఒప్పుకోను. డబ్బు ఖర్చు అన్నారు. మెట్రో టికెట్టు, నాటకం టికెట్టు, ఒక టీ కలిపితే కార్పొరేట్ ఆసుపత్రిలో ఒక్కసారి ఓ.పి. చీటీకి కట్టే దానికంటే తక్కువ. బాధ్యత ఎవరిదని అడిగారు. దీనికి నా దగ్గర ఇంతవరకే జవాబు ఉంది: నలుగురికి ఒకరు చొప్పున కాస్త ఓపిక ఉన్నవారు బాధ్యత తీసుకుంటారు. ఇంటి దగ్గర దింపాక వాళ్ళ పిల్లలకు ఫోన్ చేస్తారు. రాత్రి తొమ్మిదిన్నరకల్లా తిరుగు రైలు ఎక్కాలి, నాటకం మిగిలి ఉన్నా సరే. సాయంత్రం మాత్రలు జేబులో ఉన్నాయో లేదో బయలుదేరేముందు అడుగుతారు. దీనికి మించి హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇంట్లో బాత్‌రూంలో జారి పడినవారు మన సంఘంలో ఎంతమంది ఉన్నారో సంక్షేమ నిధి రిజిస్టరు చూస్తే తెలుస్తుంది.

కాబట్టి ఈ దసరా నుంచి కార్తిక పౌర్ణమి దాకా మూడు సాయంత్రాలు, ఒక పగలు పెట్టుకుందాం. పగలు మ్యూజియం. సాయంత్రాల్లో ఒకటి బతుకమ్మ, ఒకటి గానసభలో ఏది బాగుంటే అది, ఒకటి సురభి. సురభి తేదీ వాళ్ళు ప్రకటించాకే చెప్పగలం. ఒంటరిగా ఉంటున్న సోదరీమణులను ముందు అడగాలి, మిగిలిన సీట్లు మనకు. వాళ్ళ పిల్లలతో నేనే మాట్లాడతాను, ఆ అబ్బాయి దగ్గర నాకు బాగానే అనుభవం వచ్చింది.

పేర్లు ఇవ్వదలచినవారు బయట టీ బల్ల దగ్గర రాయించండి. ఆడవాళ్ళ జాబితా మా ఆవిడ దగ్గర ఉంది. పేరు పక్కన ఫోన్ నంబరు, ఇంట్లో ఎవరికి చెప్పాలో ఆ నంబరు, వేసుకునే మాత్రలు రాయండి. మోకాళ్ళ నొప్పులున్నవారు "మో" అని ఒక అక్షరం వేయించండి, నడవ పక్కన సీటు చూస్తాం. కలుసుకునేది కూకట్‌పల్లి మెట్రో స్టేషన్ కింద, లిఫ్టు దగ్గర, నాలుగున్నరకు. అయిదింటి దాకా చూసి బయలుదేరతాం.